ఎడమకాలికి అందని క్లచ్

డ్రైవింగ్ స్కూలు బోర్డు మీద ఏదో పేరుండేది గానీ దాన్నెవరూ చదివేవారు కాదు. పేటలో అందరికీ ఆయన క్లచ్ మాస్టారే. కొత్తగా చేరినవాళ్ళకు ముందుగా స్టీరింగు నేర్పేవాడు కాదు. చదునైన ఖాళీ స్థలంలో బండి ఆపి, యాక్సిలరేటరు జోలికి పోకుండా క్లచ్ ఒక్కటే మెల్లగా వదలమనేవాడు. బండి తనంతట తాను ముందుకు జరిగేదాకా అదే పని.

ఆ కారు పాతది. గేరు రాడ్డు మీద అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. మాస్టారు కూర్చునే పక్క సీటు ముందు కూడా క్లచ్, బ్రేకు ఉండేవి. ఇటు తొక్కితే అటు పెడలు కూడా దిగేది.

ఎండలు ముదిరే రోజుల్లో దానికి జబ్బు మొదలైంది. ఆగి ఉన్నప్పుడు మొదటి గేరు మొండికేసేది. రివర్స్ వేస్తే కరకరమని పళ్ళు నూరేది. మాస్టారుకు అనుమానమే లేదు, తప్పంతా నేర్చుకునేవాళ్ళదే. క్లచ్ సగం తొక్కి గేర్లు అరగదీస్తున్నారని కనపడ్డవాళ్ళందరి మీదా విసుక్కున్నాడు. పెడలు మెత్తగా ఉందని ఒకరు, బాగా కిందకి వెళ్తే గాని క్లచ్ విడవడం లేదని మరొకరు చెప్పి చూశారు. ఆయన తన వైపు పెడలు తొక్కి, "నా కాలికేం తేడా తెలియట్లేదే" అని కొట్టిపారేసేవాడు.

అప్పట్లో ఆయన దగ్గర నేర్చుకుంటున్నవాళ్ళలో ఒక లెక్కల టీచరు ఉండేది. క్లాసులో ఆమె గొంతు విప్పితే పిల్లలు కిక్కురుమనేవారు కాదట. స్టీరింగు ముందు కూర్చుంటే మాత్రం ఆమే కిక్కురుమనేది కాదు. నలభై దాటాక ఇదేం సరదా అని ఇంట్లోవాళ్ళు నవ్వినా పట్టుబట్టి వచ్చింది.

ఒక సాయంత్రం సిగ్నల్ దగ్గర బండి ఆగింది. బండి ముందు ఒక పెద్దాయన సైకిల్ మీద ఒక కాలు నేలకానించి నిలబడ్డాడు. టీచరు క్లచ్ తొక్కి, అతి కష్టం మీద మొదటి గేరు వేసి, పచ్చలైటు పడుతుందని బ్రేకు మీద కాలు కాస్త సడలించింది. బండి ముందుకు పాకింది. మాస్టారు తన బ్రేకు తొక్కేలోపే సైకిల్ వెనక చక్రానికి తగిలింది. పెద్దాయన పక్కకు పడ్డాడు. అరచేతులు గీరుకుపోయాయి.

ఆయన్ని లేపి, దుమ్ము దులిపి, బతిమాలి పంపించాక మాస్టారు టీచరు వైపు తిరిగాడు.

"క్లచ్ తొక్కి ఉంచమంటే నిద్రపోతున్నారా? పిల్లలకి లెక్కలు కూడా ఇలాగే చెప్తారా?"

"పూర్తిగా తొక్కే ఉంచాను మాస్టారూ."

"తొక్కితే బండెలా కదులుతుంది?"

రోడ్డు పక్కన ఆమె స్కూలు పిల్లలే ఇద్దరు నిలబడి చూస్తున్నారు. ఆమె సీటుబెల్టు తీసి, తలుపు తెరిచి, వెనక్కి చూడకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి రాలేదు.

అరిగిన గేర్లు బాగుచేయించాలని ఆ వారంలోనే మాస్టారు బండిని మెకానిక్ దగ్గరకు తోలుకెళ్ళాడు. మెకానిక్ ఆయన భార్యకు తమ్ముడే. బావగారు వచ్చారు కదా అని తొందరపడి గేర్‌బాక్సు దించేసే రకం కాదు. ముందు ఇంజను ఆపి గేర్లు వేసి చూశాడు, అన్నీ వెన్నలా పడ్డాయి. స్టార్ట్ చేసి వేస్తే మళ్ళీ మొరాయించాయి. హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి, మూడో గేరులో క్లచ్ వదిలాడు. ఇంజను వెంటనే ఠక్కున ఆగిపోయింది. అంటే ప్లేటు అరగలేదు, పట్టు బాగానే ఉంది. పట్టిన క్లచ్ పూర్తిగా విడవకపోవడమే రోగం అని తేల్చాడు. బండి కిందకి దూరి చూస్తే, క్లచ్‌ను నెట్టే చిన్న సిలిండరు రబ్బరు చిట్లి ఆయిల్ కారుతోంది.

సిలిండరు మార్చాడు. ఇక ఆయిల్ గొట్టంలో చేరిన గాలి తీయాలి. పెడలు తొక్కుతూ ఎప్పుడు గట్టిపడుతుందో చెప్పమని బావగారిని సీట్లో కూర్చోబెట్టి, తను కింద పడుకున్నాడు.

"గట్టిపడిందా బావా?"

"ఇంకా లేదు."

మళ్ళీ అడిగాడు. మళ్ళీ లేదన్నాడు. గొట్టంలో బుడగలు ఆగిపోయి చాలాసేపైంది. మెకానిక్ లేచి వచ్చి, వంగి చేత్తో పెడలు నొక్కాడు. అది రాయిలా ఉంది.

"ఒకసారి కుడికాలితో తొక్కండి."

మాస్టారు తొక్కాడు. గట్టిదనం తెలిసింది. ఎడమకాలు పెట్టాడు. కాలు దిగుతున్నట్టు కళ్ళకు కనిపించింది, అంతే. చెప్పు విప్పి, ఉత్త పాదంతో తొక్కాడు. దూది మీద పెట్టినట్టుంది. బావమరిది చేతులు తుడుచుకుంటూ ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు.

షుగరు ఉందని మాస్టారుకు ఏళ్ళ కిందటే చెప్పారు. మాత్రలు వేసుకుంటే వేసుకున్నాడు, లేకపోతే లేదు. ఇప్పుడు భార్య వెంటబెట్టుకుని తీసుకెళ్తే, డాక్టరు ఆయన్ని కళ్ళు మూసుకోమని, సన్నటి తీగలాంటిదేదో అరికాలికి ఆనించి, తగిలినప్పుడల్లా చెప్పమంది. మాస్టారు చాలాసేపు నోరు విప్పలేదు. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకున్నాడు. కళ్ళు తెరిచి చూసేసరికి భార్య గోడవైపు తిరిగి కళ్ళు ఒత్తుకుంటోంది.

షుగరుతో పాదాల నరాలు మొద్దుబారాయి, బండి నడపొద్దు, పక్కన కూర్చుని నేర్పనూ వద్దు అంది డాక్టరు. ఆయన వాదించాడు, కోప్పడ్డాడు, ఇంటికొచ్చి భార్య మీద కూడా అరిచాడు. తర్వాత అరుగు మీద కూర్చుని ఎంతమందిని తిట్టాడో తలుచుకోసాగాడు. అందరి ముఖాలూ గుర్తుకు రాలేదు. సిగ్నల్ దగ్గర తలుపు తెరుచుకుని దిగిపోయిన మనిషి మాత్రం కళ్ళముందు నుంచి కదల్లేదు.

ఆదివారం టీచరు ఇంటికి వెళ్ళాడు. ఆమె గుమ్మంలోనే నిలబడి విన్నది.

"ఆ రోజు తప్పు మీది కాదు టీచరుగారూ. మీరు పూర్తిగానే తొక్కారు. క్లచ్ విడవలేదు. ఆ సంగతి నా కాలికి తెలియలేదు."

"నాకిక రాదని ఇంట్లో చెప్పేశాను మాస్టారూ. అందరూ నమ్మేశారు. నేను కూడా" అంది ఆమె.

ఆయన డాక్టరు తనకు చెప్పింది చెప్పాడు. అప్పుడు ఆమె పక్కకు జరిగి లోపలికి రమ్మంది.

బండిలో పక్క సీట్లో కూర్చోవడానికి మాస్టారు ఒకప్పటి తన శిష్యుణ్ణే పెట్టుకున్నాడు. లైసెన్సులూ అనుమతులూ ఉన్న మనిషే. తను ముందుగదిలో రోడ్డు గుర్తులు, నియమాలు చెప్పే పనికి దిగాడు. పాఠం మధ్యలో బయట కారు స్టార్టయితే మాట ఆగిపోయేది. కొన్ని రోజులు అన్నం కూడా సయించలేదు. భార్య రోజూ ఆయన పాదాలు తిప్పి చూసి, మాత్ర మింగేదాకా ఎదురుగా నిలబడేది.

టీచరు వానలు పడ్డాక మళ్ళీ వచ్చింది. మొదటిసారి పరీక్ష తప్పింది, రెండోసారి గట్టెక్కింది. ఒక సెలవురోజు మాస్టారిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, శిష్యుణ్ణి పక్కన పెట్టుకుని ఊరవతలిదాకా నడిపింది. ఊరు దాటినా బండి రెండో గేరులోనే పోతోంది.

"ఏమీ అనరేంటి మాస్టారూ?"

"రోడ్డు ఖాళీగానే ఉంది" అన్నాడు ఆయన. "మూడో గేరు వేయండి."