మా రాణీగారి మొహం

నా చిన్నప్పుడు మా రైల్వే క్వార్టర్లో పగలంతా వినబడే గొంతు మా నాయనమ్మది ఒక్కటే. ఆవిడ మాట్లాడేది గోడమీది రాణీగారితో. నేను పాకే వయసులోనే అమ్మ పోయింది. ఆమె ఫొటో ఒక్కటీ లేదు. నాన్న వర్క్‌షాప్ సైరన్‌తో వెళ్లి సైరన్‌తో వచ్చేవాడు. నన్ను పెంచడానికి శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ వచ్చిన నాయనమ్మకి ఈ ఊరు ఒంటపట్టలేదు.

మేముండే ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీ నిండా తెలుగువాళ్లే అయినా ఆవిడ ఊరివాళ్లు ఒక్కరూ లేరు. అందుకే బజార్లో కనబడిన ఒక పాత అచ్చుబొమ్మని, మా జమీందారు రాణీగారే అంటూ తెచ్చి ఫ్రేమ్ కట్టించింది. ప్రతి శుక్రవారం పసుపూ కుంకుమా పెట్టేది. వంట కాగానే ఏం కూర వండిందో, నేనెంత అల్లరి చేశానో ఆ రాణీగారికి చెప్పుకునేది. నాకు ఒళ్లు మండేది. నేనొకదాన్ని ఇంట్లో ఉండగా కాగితంతో కబుర్లేమిటి?

ఒకరోజు వెనకింటి బెంగాలీ తాతగారు, మేం దాదూ అని పిలిచే ఆయన దగ్గర అదే బొమ్మ చూశాను. అదే ముక్కుపుడక, అదే వాలుచూపు. కింద మాత్రం ఎవరో బెంగాల్ రాణి పేరుంది. దాదూ రిటైరైన రైలు గార్డు, పాత బొమ్మలంటే ఆయనకి పిచ్చి. ఒకే మొహం అచ్చు తీసి, అమ్మే ఊరినిబట్టి ఏ రాణి పేరో ఒకటి వేసేసేవారని, తన బొమ్మ పేరునీ నమ్మడానికి లేదని నవ్వుతూ చెప్పారు.

పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చి, మా బొమ్మ కింది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాను. అది దాదూ బొమ్మ మీది పేరూ కాదు, నాయనమ్మ చెప్పే రాణీగారి పేరూ కాదు, ఇంకో రాణి పేరు. "నాయనమ్మా, ఈవిడ మీ రాణి కాదు!" అని అరిచాను. ఆవిడ బియ్యం ఏరుకుంటూ ఉండిపోయింది.

మర్నాటి నుంచి మధ్యాహ్నాలు మా ఇంట్లో షంటింగ్ ఇంజన్ల కూతలు తప్ప ఏమీ వినబడలేదు. శుక్రవారం వచ్చినా బొమ్మకి బొట్టు లేదు. గెలిచింది నేనే, ఏడుపొచ్చిందీ నాకే. ఆ ఒంటరితనం ఇక భరించలేక బొమ్మ ముందు నిలబడి, నాయనమ్మ యాసలోనే, "రాణీగారూ, ఇయాల బెండకాయ పులుసు. నాయనమ్మ మాటాడ్డం నేదు" అన్నాను.

నాయనమ్మ వెనకే వచ్చి నిలబడింది. "మా రాణీగారి మొకం నానెప్పుడు సూసినాను? సిన్నప్పుడు ఆయమ్మ మేనా తెర సూసినాను, అంతే. ఈయమ్మ ఆయమ్మ కాదని నాకు తెల్దేటి? మనసులో మాట సెప్పుకుందికి ఒక మొకం కావాల కదే" అంది. పసుపు తడిపి, అద్దం మీద పేరున్నచోట బొటనవేలితో మందంగా రాసేసింది. "ఇప్పుడు పేరు నేదు. నీకు ఎవులు కావాలో ఆలనుకో."

ఆ మొహంకేసి చాలాసేపు చూశాను.

నాయనమ్మ పోయి చాలా ఏళ్లయింది. బొమ్మ ఇప్పుడు నా గోడమీద ఉంది. శుక్రవారం పూట పేరున్నచోట పసుపు రాస్తాను. ఎవరి బొమ్మ అని అడిగినవాళ్లకి తెలియదనే చెబుతాను. వంట కాగానే, ఏం కూర వండానో మాత్రం అమ్మకి చెబుతాను.