తలుపు అవతల మా ఆయన నవ్వు

మా అత్త పోయాక మా ఆయన నవ్వు మొదటిసారి విన్నది మా ఇంట్లో కాదు. నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఒక మేడ మీద, మూసిన తలుపు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని విన్నాను. లోపల ఆయనతో ఉన్నది ఒక ఆడమనిషి. ఆమె కౌన్సిలర్, అలా మాట్లాడించడం ఆమె పని, అన్నీ తెలుసు. అయినా ఒళ్లు భగ్గున మండింది. ఎవరేమనుకున్నా సరే, మండింది మండినట్టే రాస్తున్నాను.

మాది బోధన్. ఆయనకు మోటర్ వైండింగ్ షాపు ఉంది. చెరుకు తోటల్లో, వరి పొలాల్లో బోరు మోటర్ కాలిపోతే రైతులు ఆయన దగ్గరికే తెస్తారు. చేతులు రాగి తీగ చుడుతుంటే నోరు ఊరంతటి ముచ్చట్లూ చుట్టబెట్టేది. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. నా మిషన్ ఆగినా మీ ఆయన నోరు ఆగదు కదా అని వాడకట్టు ఆడవాళ్లు ఆటపట్టించేవారు.

మా అత్త ఏర్గట్లలో పెద్దకొడుకు, అంటే మా బావ దగ్గర ఉండేది. పోయిన ఏడాది పసుపు ఉడకబెట్టే రోజుల్లో పోయింది. మూడోనాడు పిట్టకు పెట్టాం. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, దూరంగా జరిగి నిలబడతాం. కాకి వచ్చి ముడితే ఆమె తృప్తిగా పోయినట్టు. రాకపోతే మనసులో ఏదో ఫికర్, ఏదో దిగులు మిగిలిందని ఒక్కొక్కరు ముందుకు పోయి పిలుస్తారు, మాట ఇస్తారు. మా ఆయన "అవ్వా" అని తల్లిని పిలిచాడు. గొంతు పోయేదాకా పిలిచాడు. రాలేదు. ఆయన పోయి వెనకాల చింతచెట్టు కింద కూర్చున్నాక మా బావ ముందుకు వచ్చి ఏదో అన్నాడు. కాకి దిగింది. "ముట్టింది, ముట్టింది" అని అందరూ కాళ్లు కడుక్కుని ఇళ్లకు మళ్లారు. ఎండ నెత్తి మాడుస్తోంది, అమ్మయ్య అనుకున్నాను నేను.

బోధన్ వచ్చాక ఆయన మాట ఆగిపోయింది. షాపు షట్టర్ సగం ఎత్తి లోపల చీకట్లో కూర్చునేవాడు. తిన్నవా అంటే "ఊఁ". ఆ మోటర్ ఎప్పుడిస్తవ్ అంటే "ఇస్త". తల్లి పోయిన దుఃఖం కదా, కొన్నాళ్లకు తేరుకుంటాడులే అనుకున్నాను. ఎండలు పోయాయి, వానలు పడ్డాయి, నాట్లు కూడా అయిపోయాయి. రైతులు మోటర్లను వేరే షాపుకు మోసుకుపోతున్నారు. నాకు షాపు పోతుందన్న భయం కన్నా ఈ మనిషి నాకు మళ్లీ దొరకడేమో అన్న భయం పట్టుకుంది.

మా పక్కింటి ముస్లిం అక్కను ఆపా అంటాను. వాళ్లు తాతల నాటి నుంచి బోధన్‌లోనే ఉన్నారు, అత్తరు దుకాణం వాళ్లది. గోడ మీది నుంచి ఆమే చెప్పింది.

"మా బిడ్డ పరీక్షలంటె గజగజ వణుకుతుండె, యాదికున్నదా? నిజామాబాద్‌ల ఒకామె మాట్లాడి మాట్లాడి సక్కజేసింది. తీస్కపో నీ ఇంటాయన్ని."

"ఆయనకేం పిచ్చి లేదు ఆపా."

"అరే, పాగల్ అయినోళ్లే పోతరా? దిల్ బరువైనోళ్లు గూడ పోతరు. పో!"

పోయాం. కింద అంతస్తులో సైకియాట్రిస్ట్ డాక్టర్. ఓపికగా అన్నీ అడిగి, నిద్రకు చిన్న గోలీ రాశాడు. "దీంతోని నిద్ర వస్తదమ్మా, మాట రాదు. మాట కోసం పైకి పోయి కౌన్సిలర్‌ను కలువున్రి" అన్నాడు. మందులిచ్చేవాళ్లు వేరు, మాట్లాడించేవాళ్లు వేరు అని నాకు ఆ రోజే తెలిసింది. పైన చూస్తే మాట్లాడించేవాళ్లలో కూడా మళ్లీ రకాలు. ఎవరు ఏం చదివారో, ఏం చూస్తారో బోర్డు మీద రాసి ఉంది, కానీ ఆ చదువుల పేర్లు నాకేం అర్థమవుతాయి? కౌంటర్‌లోని పిల్లే వివరంగా చెప్పింది. మొదటి గదిలో సారు తాగుడు మాన్పించే కేంద్రంలో పనిచేసి వచ్చాడు, కల్తీ కల్లు అలవాటై అది దొరక్కపోతే చేతులు వణికేవాళ్లను చూస్తాడు. రెండో గదిలో హైదరాబాద్‌లో సైకాలజీ పెద్ద చదువు చదివిన అమ్మాయి, ఆమెది పిల్లల కేసులు. మా ఆపా బిడ్డను బాగుచేసింది ఆమే. మూడో గదిలో మేడం సర్కారు దవాఖానలో ఏళ్లకేళ్లు నర్సుగా చేసింది, ఆ తర్వాత సైకాలజీ చదివి ఇటు వచ్చింది. ఇంట్లో మనిషి పోయినవాళ్లను చూడటంలో ఆమె చెయ్యి తిరిగిన మనిషి.

మగాయన ఉండగా ఆడామె ఎందుకని నేను మొదటి గది వైపు వేలు చూపించాను.

"మీ ఇంటాయన కల్లు తాగుతడా?" అంది ఆ పిల్ల.

"ముట్టడు."

"మరి ఆ సార్ దగ్గర ఏం పనక్కా?"

పెళ్లయినప్పటి నుంచి మా ఆయన తాగడని నలుగురిలో గొప్పలు చెప్పుకున్నదాన్ని. ఆ ఒక్క రోజు మాత్రం ఆయన తాగడే అని బాధపడ్డాను.

మూడో గది మేడం నాకన్నా పెద్దదే. తల నెరిసింది, నూలు చీర, కాళ్లకు హవాయి చెప్పులు. అందగత్తె అయినా బాగుండేది, ఏదో అలా పడిపోయాడని తిట్టుకునేదాన్ని. ఏమీ లేని మనిషి, ఒక గ్లాసెడు నీళ్లు ముందుపెట్టి కూర్చుంటే మా ఆయన మాట్లాడటమేమిటి? వారానికోసారి, మంగళవారం మంగళవారం పోయేవాళ్లం. మొదటి వారం లోపలి నుంచి గొంతు మాత్రం గుసగుసగా వినిపించింది. రెండు మూడు వారాలు పోయాక నవ్వు వినిపించింది. నేను ఉప్మాలో జీడిపప్పు వేసినా, కొత్త చీర కట్టినా, అలిగినా, ఏడ్చినా రాని నవ్వు.

తిరుగు బస్సులో అడిగాను. "ఏం మాట్లాడినవ్ ఆమెతోని?"

"ఏం లేదు."

ఏం లేదట! ఏం లేనిదానికి ఎవరైనా అంతసేపు మాట్లాడతారా, పైగా నవ్వుతారా?

మరుసటి వారం ఆమెనే పట్టుకున్నాను. "మా ఆయన ఏమంటుండు మేడం?"

"అది నేను చెప్పొద్దక్కా. చెప్తే ఆయన మల్ల నా దగ్గర నోరు తెరువడు. ఆయన్నే అడుగున్రి."

అక్క అంట! నా మొగుడి మాటలన్నీ తన దగ్గర దాచుకుని, పైనుంచి నన్ను అక్క అంటుంది.

నాకు పౌరుషం వచ్చింది. ఆమె చేసేది నేను చేయలేనా అనుకున్నాను. ఇంట్లో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశాను. గ్లాసులో నీళ్లు పెట్టాను. టీవీ బంద్ చేసి ఆయన్ను కూర్చోబెట్టి, ఎదురుగా నేను కూర్చుని, మొదటి రోజు లోపలికి పోయినప్పుడు చూసినట్టే ఆమెలాగా మెల్లగా తలూపుతూ చూశాను. నోరు విప్పకుండా కూర్చోవడం నాకెంత కష్టమో నన్ను ఎరిగినవాళ్లకు తెలుసు.

ఆయన కాసేపు అటూ ఇటూ చూసి, "పానం బాగలేదా ఏంది? దవాఖానకు పోదామా?" అన్నాడు. నేను గ్లాసు ఎత్తి ఆ నీళ్లు గటగటా తాగేసి వంటింట్లోకి పోయాను.

ఆ మంగళవారం ఆయన బయటికి రాగానే నేను లోపలికి పోయి తలుపు వేశాను. "మీరు మంచిగనే చేస్తుండ్రు మేడం. కని నాకు మంచిగనిపిస్తలేదు. ఆయన మీతోని నవ్వుతుండు, నాతోని ఊఁ అంటుండు. నాకు కుళ్లుగున్నది" అన్నాను. అంత బాహాటంగా అంటానని నేనే అనుకోలేదు.

ఆమె నవ్వలేదు, బోధ కూడా చేయలేదు. "నాకు మీ అత్త ఎవరో తెల్వదక్కా. తెల్వనోళ్లకు చెప్పుడు అల్కగ ఉంటది, ఏం చెప్పినా కాదనరు గద. మీరు ఆమెను ఎరిగినోళ్లు. ఎరిగినోళ్లకు చెప్పాల్నంటె దమ్ము గావాలె. ఆయనకు జర టైం ఇయ్యున్రి. చెప్పిననాడు మధ్యల ఆయన్ని ఆగబట్టకున్రి, అంతే" అంది. నేను కళ్లు తుడుచుకుని బయటికి వచ్చాను. కుళ్లు మాత్రం అలాగే ఉంది.

అత్త సంవత్సరీకానికి ఏర్గట్ల పోతున్నాం. బస్సు ఆర్మూర్ దాటింది, కిటికీలోంచి ఉడికిన పసుపు వాసన వస్తోంది. ఆయన ఉన్నట్టుండి, నా వైపు చూడకుండా, "పోయినేడు పిట్ట నాకు రాలే" అన్నాడు.

నా నోటిదాకా వెటకారం వచ్చింది. మింగాను.

"గొంతు పోయేదాక పిలిస్తి. రాలే. పెద్దోడు పిలిస్తె దిగింది. అవ్వ పెద్దోని దగ్గరనే ఉండె, వాని చేతి బువ్వనే తిన్నది. పోయినంక గూడ వాని దిక్కే అయ్యింది. నా మీద ఏం కోపమో గాని. పండుగకో పబ్బానికో పోతి తప్ప ఆమె దగ్గర ఏనాడు ఉంటి?"

ఏడాది పాటు నోరు మూయించింది ఇదా! అన్న మీద కుళ్లు! ఆ కౌన్సిలర్ మీద నాకున్నది కూడా అచ్చం అదే కాబట్టి నాకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు నీళ్ల చెంబు పట్టుకుని బావ పక్కనే నిలబడింది నేను. ఈయనేమో చింతచెట్టు కింద తల వంచుకుని ఉన్నాడు.

"బావ ఏమని పిలిచిండో విన్నవా?"

"లే. ఏమంటడు, రమ్మంటడు."

"రమ్మనలేదయ్యా. చిన్నోని ఫికర్ జెయ్యకు అవ్వా, వాన్ని నేను అరుసుకుంట, నేను జూస్కుంట అన్నడు. గా మాట అన్నంకనే పిట్ట దిగింది."

ఆయన నా వైపు తిరిగాడు. "ఒట్టు?"

"నీ మీద ఒట్టు."

బస్సంతా చూస్తుండగా ఆయన నా భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను ఆగబట్టలేదు. అవతల సీటు ముసలామె ఏమైందని సైగ చేస్తే ఏం లేదన్నట్టు చెయ్యి ఊపాను. ఊరికి పోయాక విస్తరి పెట్టేటప్పుడు అన్న చెయ్యి పట్టుకుని పక్కన నిలబెట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి పిలిచారు.

తర్వాతి మంగళవారం మళ్లీ ఖలీల్‌వాడి. నేను మళ్లీ బయట కుర్చీలో. లోపల చాలాసేపు మాట్లాడాడు. తిరుగు బస్సు ఎక్కి కూర్చోగానే అలవాటు కొద్దీ అడిగాను.

"ఏం మాట్లాడినవ్ ఆమెతోని?"

"నువ్ చెప్పిన పిట్ట ముచ్చటనే చెప్పిన."

నాకు సర్రున కాలింది. "నా ముచ్చట తీస్కపోయి ఆమెకెందుకు చెప్పినవయ్యా!"

ఆయన నన్ను చూసి పడీ పడీ నవ్వాడు. ఈసారి మా మధ్య తలుపు లేదు.