పెడచెయ్యి

నిన్న పొద్దున వంటింట్లో ఫ్రిజ్ తలుపు ముట్టుకోగానే చెయ్యి చిమచిమలాడింది. చీమ కుట్టినంత కూడా కాదు. మా ఆవిడ గచ్చు కడిగి రెండు నిమిషాలయింది, నా కాళ్ళు తడిగా ఉన్నాయి. నేను ముట్టుకున్నది చేతి వెనకవైపుతో, అంటే పెడచేత్తో. అందుకని చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చేసింది. ప్లగ్గు పీకి స్టూలు మీద కూర్చుని నాడి లెక్కపెట్టుకున్నాను. నిమిషానికి నూట పద్దెనిమిది. "ఇంత దానికేనా?" అని మా ఆవిడ నవ్వింది. ఆవిడ ఈ ఇంటికి వచ్చేనాటికే దానియేలు మావ పోయాడు. పెడచేత్తో ముట్టుకోవడం నాకు ఎవరు నేర్పారో, ఎందుకు నేర్పారో ఆవిడకి నేనెప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

అరవైల చివర నేను విజయనగరంలో ఒక జనపనార మిల్లులో తూకాల దగ్గర పని చేసేవాణ్ణి. చదివింది ఐదో తరగతి. లెక్కలు మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. ఆదివారాలు, పండగలు వస్తే చర్చిల్లో మైకు నడిపేవాణ్ణి. మైకుసెట్టు దానియేలు మావది. మాకు చుట్టరికం ఏమీ లేదు, ఊరంతా మావ అనేది కాబట్టి నేనూ అన్నాను. పొట్టి మనిషి. బాకాల పక్కన నిలబడీ నిలబడీ ఎడమ చెవి పోయింది. ఎవరైనా పనికిరాని మాట మొదలుపెడితే ఆ చెవి వాళ్ళవైపు తిప్పేవాడు.

ఆయన ఆంప్లిఫైయరు ఎవరో చేత్తో కట్టిచ్చిన రేకు పెట్టె. రెండు కాళ్ళ ప్లగ్గు, ఎర్తు తీగ లేదు. ప్లగ్గు సరిగ్గా పెడితే ఏ భయమూ లేదు. తిప్పి పెడితే పెట్టె రేకులోకి, అక్కణ్ణించి మైకులోకి, ఇనప స్టాండులోకి కరెంటు వచ్చేది. ఎలా పెట్టినా పాట మాత్రం ఒకేలా వినబడేది. నన్ను ఇప్పటికీ భయపెట్టేది అదే. తప్పు జరిగిందని చెవికి తెలియదు. అందుకే మావ ప్రతి ఆరాధనకి ముందు చెప్పులు విడిచి, గచ్చు మీద చెంబుడు నీళ్ళు పోసి, ఆ తడిలో నిలబడి మైకుని పెడచేత్తో ఒకసారి తాకేవాడు. మొదటిసారి చూసినప్పుడు ఎందుకని అడిగాను.

"అరచేత్తో ముట్టుకున్నావనుకో, కరెంటు కొట్టగానే వేళ్ళు ముడుసుకుంటాయి. నువ్వు వొదిలేద్దామన్నా నీ సెయ్యి వొదల్దు. పెడసెయ్యయితే ఇసిరేస్తాది. బతుకుతావు."

"కొడితే మరి?"

"కొడితే నన్ను కొడతాది. పాస్టరు అయ్యగారిని కొట్టదు కదా."

ముసలమ్మలు అది చూసి, దానియేలు మైకుకి దండం పెడతన్నాడు అనుకునేవారు. ఆయన కాదనేవాడు కాదు.

నాకు ఆ పద్ధతి మోటుగా అనిపించింది. నేనొక పుస్తకం పెట్టాను. చర్చి చర్చికీ ఒక పేజీ. బాకాకి మైకుకి మధ్య ఎన్ని అడుగులుంటే కూత పుట్టదు, గొంతు పెంచే, తగ్గించే మరను ఏ అంకె దగ్గర నిలపాలి, జనం నిండితే ఎంత పెంచాలి. చివరి గడిలో, గుర్తుకని నేను ప్లగ్గు మీద పెట్టిన లక్కబొట్టు పైకి ఉండాలా, కిందికి ఉండాలా. మావ ఆ పుస్తకం తిరగేసి, "నీ లెక్కలకి కరెంటు కూడా బయపడతాదిరా," అన్నాడు. మెచ్చుకున్నాడో వెక్కిరించాడో ఇప్పటికీ తేల్చుకోలేదు.

కోటబొమ్మాళి దగ్గర ఒక పల్లె చర్చిలో ఆ రోజు ఏడుగురికి బాప్తిస్మం. వేదిక ముందు నేలలో కట్టిన తొట్టి, దిగడానికి మూడు మెట్లు. నీళ్ళలోంచి పైకి వచ్చినవాళ్ళు అక్కడే మైకులో దేవుడి గురించి తమ సాక్ష్యం చెప్పాలని సంఘ పెద్దలు కొత్తగా అనుకున్నారు. మావ ఎక్కాల్సిన రైలు ఆలస్యమయింది. ముందు రోజే సామానుతో చేరిన నేను ఒక్కణ్ణే అన్నీ బిగించాను. ఆ చర్చికి అది పన్నెండోసారి. పుస్తకంలో పదకొండుసార్లూ 'బొట్టు పైకి' అనే ఉంది. అలాగే పెట్టాను. స్విచ్చి కిందికి నొక్కితే పెట్టె మీది దీపం వెలగలేదు, పైకి నొక్కితే వెలిగింది. పాత స్విచ్చి కదా అనుకున్నాను. పొడి చాప మీద నిలబడి, మైకుకి జానెడు దూరంలో ఒకటి రెండు మూడు అన్నాను. గొంతు శుభ్రంగా వచ్చింది. నీళ్ళు పొయ్యలేదు, పెడచెయ్యి పెట్టలేదు.

పండగకని గోడలకి సున్నం వేసినవాళ్ళు కరెంటు బోర్డు విప్పి, మళ్ళీ తలకిందులుగా బిగించారు; ఇప్పుడు బొట్టు పైకి పెడితే ప్లగ్గు తిరగబడ్డట్టే. నాకు తెలియదు.

పాట మొదలయింది. అయ్యగారు నడుముదాకా నీళ్ళలో ఉన్నారు. మొదట దిగింది అప్పలమ్మ అనే పెద్దావిడ. నీళ్ళంటే భయం. ములిగి లేచి, చీర నీళ్ళోడుతూ మొదటి మెట్టు ఎక్కింది. అప్పుడే మావ వెనక తలుపులోంచి వచ్చాడు. వచ్చినవాడు కూర్చోలేదు. గోడవైపు చూశాడు, తరవాత నావైపు. పాట మధ్యలో, జనం మధ్యలోంచి ముందుకు నడిచాడు. ఒక పెద్దాయన చెయ్యి అడ్డుపెట్టి, "ఏటి దానియేలూ, కూకో," అన్నాడు. మావ ఎడమ చెవి ఆయనవైపు తిప్పి దాటేశాడు. అప్పలమ్మ మూడో మెట్టు మీదికి వచ్చి, జారకుండా పట్టుకోవడానికి స్టాండువైపు చెయ్యి చాపింది. ఆమె వేళ్ళకి, ఇనుముకి మధ్య మూరెడు దూరం ఉంది.

మావ తడి గచ్చు మీద వట్టి కాళ్ళతో నిలబడి, పెడచెయ్యి పెట్టాడు.

చప్పుడేమీ కాలేదు. చెయ్యి భుజందాకా ఎగిరింది, మనిషి పక్కకి పడ్డాడు. ఆ ఊపుకి స్టాండు అటువైపు పొడి చాప మీద ఒరిగింది. నేను ప్లగ్గు పీకాను. బాకాలు ఆగినా జనం పాడుతూనే ఉన్నారు. మావ లేచి కూర్చుని, "కాలు జారిపోనాదమ్మా. నువ్వు బేగి సాచ్చం సెప్పు. మైకు ఒద్దులే, దేవుడికి ఇనబడతాది," అన్నాడు. అయ్యగారు నవ్వారు. అందరూ నవ్వారు.

తిరుగు రైల్లో ఆయన అగ్గిపుల్ల గీయలేకపోయాడు. బీడీ నేనే వెలిగించి ఇచ్చాను.

"తెలిసీ ఎందుకు ముట్టుకున్నావు మావా?"

"తెలిస్తే ఆపు అని అరుద్దును. స్విచ్చి పైకి సూస్తన్నాది, అయినా బాకాలో పాటొస్తన్నాది. అనుమానమొచ్చినాది, అంతే. అనుమానానికి బాప్తిస్మం ఆపితే పెద్దలు నన్ను బయటికి గెంటుతారు. ఆ గొడవలో ముసిల్ది స్టాండు పట్టేసుకునేది."

నేను పుస్తకం తీసి కిటికీలోంచి పారేయబోయాను. మావ పట్టుకున్నాడు.

"దాన్నేటి సేస్తావు? పుస్తకం తప్పు రాయలేదు. గోడ మారిపోనాది. మారినట్టు నీకు అదెలగ సెప్తాది?"

పుస్తకం నా ఒళ్ళో పెట్టి, "ఏడుగురురా. అది రాసుకో," అన్నాడు. అదొక్కటే ఆయన నన్ను తిట్టిన తిట్టు.

అప్పలమ్మ బతికినన్నాళ్ళూ తన సాక్ష్యానికి మైకే పడిపోయిందని చెప్పుకుందట. అయ్యగారికి తెలియదు, పెద్దలకి తెలియదు. తెలిసినవాళ్ళం ఇద్దరం. మావ పోయాక ఒక్కణ్ణే.

ఆ తరవాత పద్నాలుగేళ్ళు మైకు నడిపాను. ఎర్తు ఉన్న పెట్టెలు వచ్చాయి, మూడు కాళ్ళ ప్లగ్గులు వచ్చాయి. పుస్తకం మానలేదు. అడుగులూ అంకెలూ ఇంటి దగ్గరే రాసుకుని వెళ్ళేవాణ్ణి. చివరి గడి మాత్రం ఖాళీగా తీసుకెళ్ళి, తడి గచ్చు మీద నిలబడి, పెడచెయ్యి పెట్టాకే నింపేవాణ్ణి. చెయ్యి పెట్టే ముందు ప్రతిసారీ ఒక మూరెడు దూరం కళ్ళముందు కనబడేది. అలవాటయితే భయం తగ్గుతుందంటారు. నాకు తగ్గలేదు, తగ్గాలని కోరుకోనూ లేదు.

నిన్న సాయంత్రం కరెంటు మేస్త్రి వచ్చి ఫ్రిజ్ తీగ మార్చాడు. "ఇంకేమీ లేదండి, పట్టుకోండి," అన్నాడు. మా ఆవిడ చెయ్యి చాపబోతే ఆగమన్నాను. చెప్పులు విడిచి, చెంబుతో నీళ్ళు తెచ్చి గచ్చు మీద పోశాను.