గాజు గిన్నెలో కణం, ఆళ్లగడ్డలో అక్క

మా ఇంట్లో ఎవరూ దయ్యాలను నమ్మేవారు కాదు. నాయన చర్చి పెద్ద. అలాంటి మాటలు గడప దాటనిచ్చేవాడు కాదు. నేను చదివింది సైన్సు. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో హైదరాబాదులో ఒక మందుల ల్యాబులో పనిచేసేవాణ్ణి. గినీపంది గుండె నుంచి కండ కణాలను విడదీసి, ఒకదాన్ని గాజు గిన్నెలో ఉంచి, వెంట్రుక కన్నా సన్నని గాజు సూది ఆనించేవాళ్ళం. కణం కొట్టుకున్నప్పుడల్లా దానిలోని కరెంటు కంప్యూటరు తెర మీద అలలా లేచేది. అప్పుడు కుళాయి తిప్పి కొత్త మందు పారించాలి. మందు గుండెకు చెరుపు చేసేదైతే ఆ అల సాగిపోతుంది, గతి తప్పుతుంది. మనుషులకు ఇవ్వకముందే ఆ సంగతి తేలాలి.

ఆ మధ్యాహ్నం ఒక అలర్జీ మందు చూస్తున్నాను. అల సాగింది. కణం అడ్డదిడ్డంగా కొట్టుకోసాగింది. అప్పుడే పక్కనున్న ఫోను మోగింది. ఆళ్లగడ్డ నుంచి మా అక్క సుగుణ. అక్కడ బడిలో టీచరు. బావ బండల లోడు కోసం బేతంచెర్ల వెళ్ళాడట.

"అబ్బీ, గుండె గతి తప్పి కొట్టుకుంటాండాది రా. మందుల కంపెనీలో ఉండావు గదా, ఏం మింగాల్నో చెప్పు."

వింటూనే, అలవాటుగా కుళాయి వెనక్కి తిప్పి, ఉప్పునీటితో మందును కడిగేశాను. అల చక్కబడింది.

"ఆఁ, తగ్గింది లే," అంది అక్క.

కాకతాళీయం అనుకున్నాను. ఏ మందైనా మూడుసార్లు పారించి చూడటం మా పద్ధతి. అక్క బడి సంగతులు చెబుతుంటే రెండోసారి తిప్పాను. అల సాగడం మొదలైంది. అక్క మాట సగంలో ఆగింది.

"మళ్ళా వస్తాండాది రా... ఉండు, యాడన్నా కూర్చుంటా."

వెంటనే కడిగేశాను. అవతల ఆమె గట్టిగా ఊపిరి పీల్చుకోవడం వినిపించింది.

మర్నాడు బస్సెక్కి నంద్యాల వెళ్ళాను. బావ అక్కను అక్కడి ఆసుపత్రికి తీసుకొచ్చాడు. ఈసీజీలో ఏ తేడా లేదు. డాక్టరు గ్యాసు మాత్రలు రాసి పంపేశాడు. అక్క ఆ అలర్జీ మందు మింగే వీలే లేదు; అది ఇంకా అంగళ్ళకే రాలేదు. నేను ల్యాబులో ఏం చేస్తానో ఆమెకు తెలియదు. ఆ బాధ ఆమెకు మళ్ళీ రాలేదు.

ల్యాబులో నాతో పనిచేసే ఆత్మకూరు మిత్రుడికి చెబితే ఒకటే అడిగాడు. "మూడోసారి ఎందుకు చూడలేదప్పా? ఏందో తేలిపోయేది గదా."

నిజమే. ఆ మధ్యాహ్నం రెండోసారి కడిగాక కూడా కణం ఇంకా బతికే ఉంది. సూది ఊడలేదు. నా వేళ్ళు కుళాయి మీదే ఉన్నాయి. ఫోనులో అక్క, "ఉండావా రా?" అంటోంది.

"ఉండా అక్కా," అని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ రోజు జరిగింది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.