ముందు దిగేవాడు

డిగ్రీ చదివే రోజుల్లో ఒక మధ్యాహ్నం నారాయణఖేడ్ బస్టాండులో వీడియోగేమ్ ఆడుతూ కూర్చున్నాను. వింత మృగాలను పోరాటానికి దింపే ఆట అది. పోటీ కోసం ఆరింటితో జట్టు కట్టాలి. ఒకదాని లోపాన్ని మరొకటి కప్పాలి. ఐదు బలమైనవి కుదిరాయి. ఆరోది ఎలుకంత ప్రాణి. ముందుగా వెళ్లి, ఎదుటివాడి ఎత్తు బయటపెట్టి, ఒక్క దెబ్బకే పడిపోతుంది. దాన్ని తీసేయబోతుంటే పక్కనున్న ముసలాయన అదేమిటని అడిగాడు. చెప్పాను.

"దాన్ని తియ్యకు బిడ్డా," అన్నాడు. "మేం గూడ ఆరుగురం. మనూర్ దిక్కు బాయిలు తవ్వేటోళ్లం. అందరికన్న బక్కోడు కందిలి పట్టుకొని ముందు దిగాలె. కందిలి ఆరిందంటే లోపల గాలి మంచిగ లేనట్టు. ఇగ ఎవ్వరు దిగొద్దు."

"ముందెవరు దిగేటోళ్లు తాతా?"

"నేనే. ఒక్కనాడు జరమొచ్చి పోలే. వాళ్లు ఆగలే, కందిలి గూడ దించలే. ఒకడు పడ్డడని ఇంకొకడు, ఐదుగురు దిగిండ్రు. ఒక్కడు పైకి రాలే."

బటన్ మీదున్న వేలు వెనక్కి తీసుకున్నాను.

అంతలో బస్సొచ్చింది. ఆయన వెళ్లి తలుపు పక్కన నిలబడ్డాడు. ఆయన ముందు ఎవరూ లేరు. అయినా ఒక్కొక్కరి వీపు మీద చెయ్యి వేసి ఎక్కిస్తున్నట్టు గాలిలోకి ఐదుసార్లు చెయ్యి చాపి, ఆఖరున తానెక్కాడు. కండక్టరు రోజూ చూసేవాడిలా అంతసేపూ ఓపిగ్గా ఆగాడు.

నేను పోవాల్సిందీ ఆ బస్సులోనే. కిటికీల్లోంచి చాలా సీట్లు ఖాళీగా కనిపిస్తున్నాయి. ఆఖరున ఎక్కినవాడు ఆయనే కావాలనిపించి నేను మాత్రం ఎక్కలేదు.