సరోజిని చేతులు ఆగితేనే కథ

సరోజిని చేతులు ఆగితేనే అది కథ. లేకపోతే చిత్తుకాగితం. తెనాలిలో పాండురంగారావు దయ్యాల కథలు రాసినన్నాళ్ళూ ఆ ఇంట్లో నడిచిన పద్ధతి అదే. ఆయన వంటింటి గడప మీద కూర్చుని కథ చెప్పేవాడు. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనో, బియ్యంలో రాళ్ళు ఏరుతూనో వినేది. ఆయన చూపు మాత్రం ఆవిడ వేళ్ళ మీదే ఉండేది. వేళ్ళు ఆడుతూనే ఉంటే ఆయన గొంతు నీరసపడిపోయేది.

"బాగాలేదా?"

"బాగానే ఉందండి. కొత్తిమీర తెచ్చారా?"

అంతే, ఆ కథ పొయ్యిలోకి. అదే ఎప్పుడైనా చిక్కుడుకాయ సగం విరిచి అలాగే పట్టుకుని ఉండిపోయిందంటే, ఆయన మాట మధ్యలో వదిలేసి లేచి కాగితాలు ముందేసుకునేవాడు. కథ ఎలా ముగిసిందో తెలియాలంటే పుస్తకం అచ్చయ్యేదాకా ఆగాల్సిందే. చదవడమంటే సరోజినికి అక్షరం అక్షరం కూడబలుక్కోవడం. బాపట్లలో మూడో క్లాసుతో బడి మానిపించి గేదెల వెంట పంపారు. బడిలో నేర్పేవాళ్ళ కంటే గేదెలకే బుద్ధి ఎక్కువని ఆవిడ ఇప్పటికీ అంటుంది.

పెళ్ళిచూపులప్పుడు మధ్యవర్తి దాచిపెట్టాలని చూసిన సంగతిని పాండురంగారావే బయటపెట్టాడు.

"నేను దయ్యాల కథలు రాస్తానండి. ముందే చెప్పాలిగా."

పెద్దవాళ్ళు మొహాలు చూసుకున్నారు. తల వంచుకుని కూర్చోవలసిన పెళ్ళికూతురు తలెత్తింది.

"అవి రాత్రిళ్ళు కదా. మరి పగలేం చేస్తారు?"

పగలు ప్రెస్సులో సీసపు అక్షరాలు పేరుస్తాడు. ఆ జవాబు సరోజినికి నచ్చింది. పని చేసుకునే మనిషి ఖాళీ వేళల్లో దయ్యాలతో తిరిగితే తప్పేంటి అనుకుంది.

కాపురానికి వచ్చిన కొత్తల్లో ఆయన చెప్పిన మొదటి కథలో తెల్లచీర, మల్లెపూలు, గజ్జెల చప్పుడు అన్నీ ఉన్నాయి. సరోజిని విని విని నవ్వింది.

"కాలవగట్టున తెల్లచీర కట్టుకు నడిస్తే కుచ్చిళ్ళకి బురదంటదా? మీ దయ్యం చీర ఎవరు ఉతుకుతారండి?"

ఆయన రెండు పూటలు అలిగాడు. ఆ తర్వాత ఏనాడూ తెల్లచీర దయ్యాన్ని రాయలేదు. ఆయన భయాలన్నీ ఇంట్లోకి వచ్చేశాయి. మంచం కింద చెంబు, గూట్లో దీపం, ఎవరూ వెయ్యకుండానే పడి ఉండే గొళ్ళెం. అలాంటివే జనం కొన్నారు. బస్టాండులో, రైల్వే స్టేషన్లో అరచేతికి మించని చిన్న పుస్తకాలుగా అమ్ముడుపోయాయి. ఆయనకి ఇష్టమైనవి మాత్రం పద్యాలు. వాటిని ఎవరూ అచ్చు వెయ్యలేదు. ఒక్కటి మాత్రం సరోజినికి నోటికి వచ్చేసింది.

*నీళ్ళు వచ్చాయి, తలుపు తట్టలేదు.*
*చుట్టాలనుకుని మా అమ్మ లేచి*
*చాప పరిచింది.*

పాండురంగారావుది రేపల్లె అవతల సముద్రానికి దగ్గర ఊరు. తండ్రి చిన్నప్పుడే పోతే పెదనాన్న పెంచాడు. పొలం పని వదిలి తెనాలి ప్రెస్సులో చేరాడన్న కోపంతో ఆ పెదనాన్నే ఇంట్లోకి రావద్దన్నాడు. తర్వాత ఉప్పెన వచ్చింది. పాండురంగారావు ఊరు చేరేసరికి తల్లి లేదు, చిన్న చెల్లెలు లేదు, ఇల్లూ లేదు. ఇవన్నీ ఆయన ఏనాడూ విడిగా చెప్పలేదు. ఎప్పుడో ఒక కథ నడుమ చెప్పేశాడు. ఆ రోజు సరోజిని చేతులు ఆగడమే కాదు, చేట కూడా జారిపోయింది.

టీవీలు వచ్చి పుస్తకాలు ఆగిపోయాయి. ప్రెస్సు మూతపడింది. ఆయన మాత్రం మానలేదు. అచ్చుకి వెళ్ళినా వెళ్ళకపోయినా గడప మీద కూర్చుని చెప్పేవాడు, తర్వాత రాసి రేకు పెట్టెలో పెట్టేవాడు. మొన్న ఒక పొద్దున కథ మొదలుపెట్టి, గోంగూర వలుస్తున్న ఆవిడ చేతులు ఆగిపోవడం చూసి, "ఇంకా ఉందే, రేపు చెప్తా" అంటూ సంబరంగా లేచాడు. మర్నాడు మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు.

పిట్టకు పెట్టే రోజు అందరూ కొల్లూరు దగ్గర కృష్ణ ఒడ్డుకి వెళ్ళారు. కొడుకు ప్రతాప్ తెనాలిలో ఎరువుల కొట్టు నడుపుతూ అక్కడ లంకలో మొక్కజొన్న కౌలుకి వేశాడు. తెలిసిన చోటు, నీడ ఉంటుంది, కారు గట్టుదాకా వెళ్తుంది అని అక్కడే పెడదామన్నాడు. విస్తట్లో గారెలు, కోడికూర, పెరుగన్నం పెట్టారు. పక్కన సిగరెట్టు పెట్టె పెట్టారు. పిట్ట వచ్చి ముడితే పోయినవాడు తృప్తిగా ఉన్నట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అప్పుడు అయినవాళ్ళు ఒక్కొక్కరే ముందుకు వచ్చి మాట ఇవ్వాలి. మాట నచ్చితే పిట్ట వస్తుందని నమ్మకం.

సరోజిని నుదుట బొట్టు అలాగే ఉంది, చేతికి గాజులూ అలాగే ఉన్నాయి. పాండురంగారావు పెదనాన్న కూతురు సుందరమ్మ దారి పొడవునా వాటినే చూస్తూ వచ్చింది.

"పెద్దదినం నాటికైనా తీస్తావా అమ్మాయ్?"

"ఇవి మా అమ్మ వేసినవి వదినా. ఆయన వేసినవైతే ఆయనతోనే పంపేదాన్ని."

విస్తరి పెట్టి అందరూ దూరంగా జరిగారు. ఒక్క కాకి కూడా రాలేదు. కావ్ కావ్‌మని పిలిచారు, చప్పట్లు కొట్టారు. ఎండ ఎక్కుతోంది. గారెల మీద చీమలు చేరాయి. మనవరాళ్ళని బాగా చదివిస్తామని ఒకరన్నారు, పిల్లలందరం కలిసే ఉంటామని ఇంకొకరన్నారు. పిట్ట రాలేదు.

సుందరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అందరికీ వినపడేంత గొంతుతోనే అంది. "ఎలా వస్తుందే? బతికినన్నాళ్ళూ దయ్యాల్ని పిలిచాడు. ఇప్పుడు కాకుల్ని పిలిస్తే వస్తాయా? తాగి తాగి కళ్ళకి కనపడిందల్లా రాశాడు."

"తాగినోళ్ళందరికీ కథలొస్తే మీ ఇంటిపేరు మీదే ఓ లైబ్రరీ ఉండాలి వదినా" అంది సరోజిని.

ఇద్దరు ముగ్గురు దగ్గుతున్నట్టు నటించారు. ప్రతాప్ మాత్రం నవ్వలేదు. విస్తరి దగ్గరికి వెళ్ళి చేతులు జోడించాడు.

"నాన్నా! నిన్ను పట్టుకుని వేలాడుతున్నవి ఆ పుస్తకాలే. పెట్టెతో సహా ఇప్పుడే కృష్ణలో కలిపేస్తాను. ఇక మనింట్లో ఆ కథల ఊసుండదు. వచ్చి ముట్టు నాన్నా."

సరోజిని లేచి నిలబడింది.

"పెట్టె ఇంట్లో ఉందిగా. ఇప్పుడే ఎలా కలుపుతావు?"

ప్రతాప్ కారు వైపు చూశాడు. అతని కూతురు చందన, డిగ్రీ చదివే పిల్ల, మెల్లిగా చెప్పింది. "డిక్కీలో ఉంది నానమ్మా. పొద్దున్నే నాన్న ఎక్కించాడు."

"ఓహో. అంటే పిట్ట రానిది ఇప్పుడు, పెట్టె ఎక్కింది పొద్దున. పిట్ట రాదని నీకు కలొచ్చిందేంట్రా?"

"అమ్మా, నీకేం తెలుసు? బళ్ళో నన్ను దయ్యంగాడి కొడుకనేవాళ్ళు. కొట్టుకొచ్చే రైతులు కూడా 'మీ నాన్న రాసింది చదివి జ్వరం తెచ్చుకున్నానయ్యా' అంటారు. ఇప్పుడీ పిల్ల వాటిని ఫోన్లో చదివి ఊరందరికీ వినిపిస్తానంటోంది. చాలమ్మా, ఆయనతోనే పోనీ."

"ముప్పై ఏళ్ళ తర్వాత కూడా జ్వరం గుర్తుందంటే అదిరా రాయడం! నువ్విప్పటికీ లైటు వేసుకునే పడుకుంటావు. ఆ సంగతి కూడా కృష్ణలో కలుపుతావా?"

ప్రతాప్ మొహం ఎర్రబడింది. "పిట్ట ముట్టకపోతే నాన్నకి గతేంటి? అది చెప్పు."

"ముట్టకపోతే పోనీరా. ఆయన ఎవర్నీ క్షమించమని అడగలేదు. ఆయన తరఫున నువ్వడగొద్దు. అంత ఇదిగా ఉంటే ఆ పెట్టెతో పాటు నన్నూ తోసెయ్. ఒక్క పుస్తకం తడిసినా నేను ఈ గట్టు దిగను."

అంటూ ఆవిడ కారు వైపు తిరిగింది. తిరిగిన కంటికి చేను మొత్తం కనిపించింది. కంకులు పాలుపోసుకున్న మొక్కజొన్న మీద అటూ ఇటూ మెరుపు రిబ్బన్లు లాగి ఉన్నాయి. నడిమధ్య పొడుగాటి కర్ర. కర్రకి తలకిందులుగా నల్లటిదేదో గాలికి ఊగుతోంది. సరోజిని చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఒరే ప్రతాపూ. అదేంట్రా?"

ప్రతాప్ చూశాడు.

"చచ్చిన కాకి" అన్నాడు చివరికి. "కంకులు పొడుచుకు తింటున్నాయని కట్టించాను. అది చూస్తే ఇంకో కాకి చుట్టుపక్కలకి రాదు. మర్చిపోయానమ్మా."

చందన ఫక్కున నవ్వింది. సుందరమ్మ కూడా కొంగులో ఆపుకోలేకపోయింది.

"కాకిని ఉరేసి ఊళ్ళో కాకులన్నిటికీ చాటింపేయించావు. ఇప్పుడు మా ఆయన పాపం వల్ల రాలేదంటావు!" అంది సరోజిని. "ఆయన బతికుంటే దీని మీద ఓ కథ రాసి, అందులో నీ పేరే పెట్టేవాడు. వెళ్ళి దింపు."

ప్రతాప్ చేలోకి దిగి కర్ర పీకేశాడు, రిబ్బన్లు చుట్టేశాడు. కానీ బెదిరిన పిట్టలు దించగానే వస్తాయా? అందరూ మళ్ళీ నీడలో కూర్చున్నారు. ఎవరి ఫోన్లు వాళ్ళు చూసుకుంటున్నారు. సుందరమ్మ విసనకర్ర ఊపుకుంటోంది. ప్రతాప్ చేతిలో కారు తాళాలు తిప్పుతూ డిక్కీ వైపు చూస్తూనే ఉన్నాడు. వాడి మాట ఇంకా గాల్లోనే ఉందని సరోజినికి తెలుసు. పిట్ట రాకుండా పొద్దు వాలిందంటే పెట్టె నీళ్ళలోకి వెళ్తుంది.

"మాట ఇవ్వడం నా వంతు" అంది ఆవిడ. "ఆయనకి మిగిలిపోయింది ఒక్కటే. పోయేముందు రోజు నాకో కథ చెప్తూ ఆపేశాడు. దాన్ని నలుగురికీ చెప్తాను. వినాలని ఉన్నవాళ్ళు వినండి, లేనివాళ్ళు చెవులు మూసుకోండి."

విస్తరి వైపు తిరిగి మొదలుపెట్టింది.

"ఒకాయనండి. ఉప్పెనలో ఇల్లంతా పోయింది. ఈయనొక్కడే పొరుగూళ్ళో ఉండి మిగిలాడు. తర్వాత టౌనుకొచ్చి ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంట్లో ఒక గది ఎప్పుడూ ఖాళీ. ఏటా ఆ రోజు సాయంత్రం ఆ గదిలో చప్పుడు. ఏం చప్పుడు? చాప పరిచిన చప్పుడు. సర్ర్‌మని. ఎవరో చుట్టాలొచ్చినట్టు. ఈయన తలుపు తియ్యడు. మరుసటేడు మళ్ళీ సర్ర్‌మని. ఇంకో చాప. అలా పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, జుట్టు నెరిసింది. ఏటికో చాప. తలుపు మాత్రం తియ్యడు."

తాళాలు తిరగడం ఆగింది. సరోజిని చూసింది, చూడనట్టే చెప్పుకుపోయింది.

"చివరికి ముసలాడయ్యాడు. ఇంకేం భయం, చూద్దామనుకున్నాడు. గొళ్ళెం తీశాడు. గది నిండా చాపలు. అన్నీ తడిసి ఉన్నాయి. ఒక్కో చాప మీద మనిషి పడుకుని లేచిన గుంట. పెద్ద గుంటలు, చిన్న గుంటలు. ఓ మూల చంటిపిల్లంత గుంట. నీళ్ళు కారుతున్నాయి. ఆ చివర, గోడవార, ఒక్క చాప మాత్రం పొడిగా ఉంది. కొత్తది. గుంట లేదు. ఈయన దాన్నే చూస్తున్నాడు. వెనకాలే, ఇంత దగ్గరగా, వాళ్ళమ్మ గొంతు. 'ఆలస్యమైందిరా నాయనా. కాళ్ళు కడుక్కుని రా.'"

సరోజిని ఆగిపోయింది.

విసనకర్ర సుందరమ్మ ఒళ్ళో పడి ఉంది. చందన ఫోను వెలుగు ఆరిపోయింది, ఆ పిల్ల చూసుకోలేదు. చేలో గాలి తప్ప చప్పుడు లేదు.

"తర్వాత?" అన్నాడు ప్రతాప్. చిన్నప్పుడు పక్క గదిలో దుప్పటి ముసుగు వేసుకుని వింటూ అడగలేకపోయిన మాట అది.

"తర్వాతేంటో ఆయన చెప్పలేదు. రేపు చెప్తానన్నాడు."

"అంటే ఆ పొడి చాప మీద..." అంటూ సుందరమ్మ విస్తరి వైపు తిరిగింది. తిరిగి, "అమ్మో" అంది.

విస్తట్లో కోడికూర లేదు. గారె ఒకటి సగం కొరికి ఉంది. మెతుకులు నేల మీదికి చెదిరి ఉన్నాయి. సిగరెట్టు పెట్టె పక్కకి ఒరిగింది. రెక్కల చప్పుడు ఎవరూ వినలేదు. పిట్టే వచ్చిందో, కుక్కే వచ్చిందో, చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఇంతమంది కళ్ళు తెరుచుకునే ఉన్నారు.

"పిట్టేనంటావా?" అంది సుందరమ్మ నెమ్మదిగా.

"ఎవరైతే ఏం వదినా, ముట్టారుగా" అంది సరోజిని. "నేనిచ్చిన మాటకి ముట్టారు. వాడిచ్చిన మాటకి కాదు. అందరూ సాక్ష్యం."

కారు దగ్గరికి వెళ్ళాక ప్రతాప్ డిక్కీ తెరిచి, పెట్టె మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. దాన్ని అలాగే వదిలేసి మూత వెయ్యబోయాడు.

"డిక్కీలో వద్దు" అంది సరోజిని. "వెనక సీట్లో, నా పక్కన పెట్టు. ఇవాళ్టి నుంచి చందన చదువుతుంది, నేను వింటాను. నా చేతులు ఆగినవే బయటికెళ్తాయి."

పెట్టెని సీట్లో పెట్టించుకుని దాని మీద మోచెయ్యి ఆనించుకుని కూర్చుంది. తెనాలి పొలిమేర చేరేలోపు ప్రతాప్ అద్దంలోంచి ఆవిడని రెండుసార్లు చూశాడు.

"అమ్మా, ఆ చాప... ఆయన పడుకున్నాడా, లేదా?"

"ముందు రోడ్డు చూసి నడపరా" అంది సరోజిని. "లైటు ఎలాగూ వేసుకునే పడుకుంటావుగా."