ఆదినారాయణ మావయ్య కండువా ముడులు

మా ఆదినారాయణ మావయ్యకి ఉన్నంత మతిమరుపు ఉప్పలగుప్తం మొత్తమ్మీద ఇంకెవరికీ లేదు. ఏదైనా మర్చిపోకూడదనుకుంటే కండువాకి ముడి వేసుకునేవాడు. కాసేపటికి ముడి మిగిలేది, సంగతి మిగిలేది కాదు. మధ్యాహ్నానికల్లా కండువా నిండా ముడులే. దాన్ని భుజాన వేసుకుని వీధరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని ఆపి అడిగేవాడు.

"ఏవండీ, ఈ ముడి దేనికేసుకున్నానో మీకేవన్నా తెలుసాండీ?"

చేపల నూకయ్య బుట్ట దించకుండానే, "చేపలకేనండి" అనేవాడు.

"ఆయ్, అంతేనేమో!" అని మావయ్య చేపలు తీసుకునేవాడు.

ఆ వెనకాలే గాజుల మంగరాజు దిగేవాడు. "అది అమ్మగారి గాజుల ముడండీ బాబూ. మొన్న తమరే చెప్పేరు కదండీ!" దానికీ మావయ్య ఆయ్ అనేవాడు. మా కాంతం అత్తయ్యకి మోచేతుల దాకా గాజులే. తమ మొగుళ్ళకి కూడా అలాంటి మతిమరుపు ప్రసాదించమని ఊళ్ళో ఆడవాళ్ళు మురమళ్ళ వీరేశ్వరుడికి మొక్కుకునేవారని చెప్పుకునేవారు.

అత్తయ్య సంగతి వేరు. ఎంత పాత ముచ్చటైనా కళ్ళకి కట్టినట్టు చెప్పేది. నలుగురు చేరితే చాలు, మావయ్య అందుకునేవాడు.

"కాంతం, మన పెళ్ళి పడవ ఎక్కడ దిగడిపోయింది చెప్మా?"

"గట్టు కనపడుతూండగానే ఇసకలో దిగడిపోయింది. మా బాబాయిగారి కండువా గాలికెగిరి ఏట్లో పడింది. నా ఒళ్ళో పనసపండు పెట్టి కదలొద్దన్నారు. నేను కదల్లేదు. ఏడిచింది మాత్రం మీరే."

"విన్నారా? నా బుర్ర చిల్లుకుండ. మా ఇంట్లో జ్ఞాపకశక్తంతా ఈవిడదేనండీ" అని మావయ్య మురిసిపోయేవాడు.

ఒకసారి అమలాపురం నుంచి పెద్దమనుషులు భోజనానికి వచ్చారు. పులస పులుసు. పుస్తెలమ్మైనా పులస తినమన్నారు కదా, అందరూ విస్తళ్ళ ముందు పూజకి కూర్చున్నంత భక్తిగా కూర్చున్నారు. మొదటి ముద్దకే మొహాలు మాడిపోయాయి. ఉప్పు కషాయం! అత్తయ్య గరిటె పట్టుకుని, "ఒకసారే కదా వేసేను..." అని తెల్లబోయింది. మావయ్య విస్తరి ముందు నుంచి ఎగిరి లేచాడు.

"నేనండీ! కాంతం వేసిందో లేదో తెలీక, వెళ్ళి ఇంకో గుప్పెడు పడేసేను."

"మగాడివి, పొయ్యి మీద పులుసు దాక దగ్గర నీకేం పనయ్యా?" అన్నాడొక పెద్దమనిషి.

"అదేనండీ, ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు."

పెద్దమనుషులు మజ్జిగన్నం తిని, మావయ్యని తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. అత్తయ్యని ఎవరూ ఒక్క మాటనలేదు.

యాభైరెండులో నాకు పెళ్ళయింది. మా అమ్మ పోయాక నన్ను పెంచింది అత్తయ్యే, మా ఇళ్ళు రెంటికీ మధ్య తడిక ఒక్కటే అడ్డం. రోజూ పొద్దున్నే తడిక అవతల నుంచి మావయ్య గొంతు వినిపించేది.

"కాంతం, మన కొత్త కోడలి పేరేవిటి చెప్మా? నోటి చివర ఉంది, రావడం లేదు."

అత్తయ్య ఏవేవో పేర్లు తడుముకునేది. మావయ్యే మళ్ళీ అడిగేవాడు. "పోనీ, మీ పుట్టింట్లో ఎర్రావు పేరేవిటి?"

"కృష్ణవేణి!"

"ఆయ్! కోడలి పేరూ అదేనే!"

ఇవతల కృష్ణవేణి గిన్నెలు గట్టిగా పెట్టేది. "రోజూ నన్ను ఆవుతో జత కట్టకపోతే వాళ్ళకి తెల్లారదా అండీ?"

"మతిమరుపు మనిషి, ఓర్చుకో" అనేవాణ్ణి.

ఆ ఏడు శ్రావణ శుక్రవారం మా ఇంట్లో కృష్ణవేణి మొదటి పేరంటం. పేరంటమంటే ముందు బొట్టు పిలుపులు. ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకి బొట్టు పెట్టి రమ్మనాలి. ఒక్క ఇల్లు తప్పిందా, ఆ ఇంటితో మాటలుండవు. ఆ పని మీద అత్తయ్య ఎప్పుడు బయలుదేరినా మావయ్య గొడుగు పట్టుకుని వెనకాలే తయారయ్యేవాడు. బొట్టు పిలుపులకి మగాడేమిటని అడిగితే ఒకరితో ఎండకనీ, ఒకరితో వానకనీ చెప్పేవాడు. కిందటేడు మాత్రం జలుబు చేసి మంచం దిగలేదు. ఆ ఒక్కసారీ ఎదురింటి సత్యవతమ్మగారి ఇల్లు తప్పిపోయింది. "ఆ ఇల్లు నేను పిలుస్తానని కాంతాన్ని ఆపేనండీ, పిలవడం మర్చిపోయేను" అని మావయ్య ముక్కు చీదుకుంటూ వెళ్ళి చెప్పినా ఆవిడ కరగలేదు. ఏడాదిపాటు మా గుమ్మం వైపు చూడలేదు.

ఈసారి ఆ తలనొప్పి వద్దని, తమలపాకులూ పళ్ళూ తెమ్మని మావయ్యని అమలాపురం జట్కా ఎక్కించాను.

"రేపెళ్తానురా" అన్నాడు.

"పేరంటమే రేపు మావయ్యా!"

అత్తయ్య వైపు ఒకసారి చూసి, కండువాకి ముడి వేసుకుని వెళ్ళాడు.

నేను మా అరుగు మీంచి చూస్తూనే ఉన్నాను. అత్తయ్య కుంకుమభరిణతో ముందూ, కృష్ణవేణి వెనకాలా, మొదట సత్యవతమ్మగారింటికే వెళ్ళారు. బొట్టు పెట్టారు. ఆవిడ మొహం కాస్త విచ్చుకుంది. వీధిలోకి వచ్చాక అత్తయ్య ఆగి, "ముందు సత్యవతిని పిలవాలే" అంటూ మళ్ళీ లోపలికి నడిచింది. "ఇందాకే పిలిచేరండీ" అని కృష్ణవేణి గొణిగింది గానీ, కొత్త కోడలి మాట ఎవరు వింటారు? మళ్ళీ బొట్టు. బయటికి వచ్చారు. మూడోసారి లోపలికి వెళ్ళేసరికి సత్యవతమ్మ గయ్యిమంది.

"కిందటేడు అసలు పిలుపే లేదు, ఈ ఏడు మూడు పిలుపులా? నవ్వులాటకి మేవే దొరికేవా అండీ?"

అత్తయ్య భరిణ పట్టుకుని అలా నిలబడిపోయింది. తను చేసిన తప్పేమిటో ఆవిడకి తెలియడం లేదు. ఇరుగుపొరుగులు గుమ్మాల్లోకి వచ్చేశారు. నేను అరుగు దిగి అటు నడిచాను.

సరిగ్గా అప్పుడే జట్కా వచ్చి ఆగింది.

"సంచి మర్చిపోయి వెనక్కొచ్చేను" అంటూ మావయ్య దిగాడు. అత్తయ్యనీ, సత్యవతమ్మ నుదుటి మీద దట్టంగా ఉన్న కుంకుమనీ చూశాడు. చేతులు జోడించాడు.

"తప్పు నాదేనమ్మా! మూడుసార్లు పెట్టమని నేనే చెప్పేను. కిందటేడు తప్పిపోయింది ఒకటి, ఈ ఏడుది ఒకటి, వచ్చే ఏడు నేను మళ్ళీ మర్చిపోతానని ముందుగా ఇంకొకటి."

సత్యవతమ్మ మూతి బిగించింది, ఆపుకోలేకపోయింది, ఫక్కున నవ్వింది. "మీ మతిమరుపు బంగారం గానూ! మూడు వాయనాలిస్తేనే వస్తానండీ!"

వీధి వీధంతా నవ్వింది. అత్తయ్య కూడా నవ్వి, "ఈయనతో వేగలేకపోతున్నానమ్మా" అంది.

నేను మావయ్యని పక్కకి లాగాను. "సంచి నీ భుజాన్నే ఉంది మావయ్యా."

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎవరితోనూ అనకురా. స్వరాజ్యం వచ్చిన ఏడు, నువ్వు కాకినాడలో చదువుతూండగా మీ అత్తకి పెద్ద జ్వరం వచ్చింది. అప్పట్నుంచీ ఇంతే. పాతవన్నీ అటక మీద భద్రంగా ఉన్నాయి. కొత్త సామానే వీధరుగు దాటి లోపలికి రావడం లేదు. ఇప్పుడు జరిగింది ఇప్పుడే గాలికి పోతోంది. రోజూ చెప్పగా చెప్పగా, పాతదానికి కలిపి చెప్తే ఒక్కోటి లోపలికెళ్తుంది. కోడలికి చెప్పు, ఆవు గురించి ఏమీ అనుకోవద్దని."

"మరి ఈ ముడులు?"

ఒక్కొక్కటే పట్టుకుని తడుముకోకుండా చెప్పాడు. "ఇది, పొద్దున్న మందు వేసుకుంది, మళ్ళీ అడిగితే ఇవ్వకూడదు. ఇది, పులుసులో ఉప్పు పడింది. ఇది, మధ్యాహ్నం లోపల వెనక్కి రావాలి, బొట్టు పిలుపులు."

"మంగరాజు గాజులో?"

"దానికి ముడెందుకురా? అది నా సరదా."

జ్వరానికి ముందు ఈయనకి మతిమరుపు లేదన్న సంగతి ఊళ్ళో ఒక్కరికీ గుర్తు లేకపోవడం నాకు అప్పుడు తట్టింది.

"అత్తయ్యకి తెలుసా?"

"ఒకసారి చెప్పేను. చాలా ఏడిచింది. కాసేపటికి అదీ మర్చిపోయింది. ఇంక చెప్పదల్చుకోలేదు. మతిమరుపు మొగుడితో కాపరం చేస్తున్నాననుకుంటోంది, అనుకోనీ." నాకు మావయ్య మీద ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను. ఇద్దరం కలిసి అమలాపురం వెళ్ళి తమలపాకులు తెచ్చాం.

మర్నాడు పేరంటంలో, ఎవరూ అడక్కుండానే, అత్తయ్య వంటింటి వైపు తిరిగి, "కృష్ణవేణీ, పసుపు పట్రా!" అని కేకేసింది. కృష్ణవేణి పరుగెత్తుకొచ్చింది. మావయ్య కండువాతో కళ్ళు తుడుచుకోబోయి, ముడి గుచ్చుకుని అబ్బా అన్నాడు.

నేను ఆ సంగతి కృష్ణవేణితో తప్ప ఎవరితోనూ అనలేదు. కృష్ణవేణి కూడా సత్యవతమ్మతో తప్ప ఎవరితోనూ అనలేదట. మరుసటి శ్రావణానికి మా వీధి ఆడవాళ్ళందరికీ మతిమరుపు అంటుకుంది. అత్తయ్య ఎన్నిసార్లు వచ్చినా నుదురు ముందుకి పెట్టి, "ఇందాక వచ్చేరా అండీ? నాకు గుర్తే లేదు" అనేవారు. గొడుగు పట్టుకుని వెనకాల నిలబడ్డ మావయ్య, తన అబద్ధం ఎంత బాగా సాగుతోందో అని గర్వంగా మీసం దువ్వుకునేవాడు.

అసలు సంగతి ఆయనతో చెప్పడం మాత్రం వీధిలో అందరం మర్చిపోయాం.